కడలూరు కోటకు కుంకుమ బొట్టు

యానాం,
22 సెప్టెంబరు 2024

అక్కకు,

పట్టాభి దండాలు. క్షేమంగా చేరాను. ఆఫీసు వెనకాలే గది ఇచ్చారు. ఫ్యాను తిరుగుతోంది, కుళాయిలో నీళ్ళొస్తున్నాయి. నీ చేతి పులుసు ఒక్కటే లేదు.

నువ్వు ఫోన్ చేసినప్పుడు నేను ‘ఆ, ఆ’ అన్నది నీ మాట వినబడి కాదు. ముప్పై ఏడేళ్ళు ప్రెస్సులో కటింగ్ మిషన్ పక్కన నిలబడ్డ చెవులు ఇవి. నువ్వు అక్కడ గొంతు చించుకోవడం, నేను ఇక్కడ తల ఊపడం, ఎందుకొచ్చిన గొడవ? ఉత్తరం రాయి. నాన్న పలక మీద దిద్దించిన అక్షరాలు ఇన్నాళ్ళకైనా పనికొస్తాయి.

ఇక్కడి పని చెప్తాను. ఫ్రెంచివాళ్ళ కాలం నాటి జనన మరణ రిజిస్టర్లు. కుట్లు తెగి, అంచులు రాలిపోతూ ఉన్నాయి. ఒక్కొక్క కాగితం విడదీసి, పల్చటి టిష్యూ అతికించి, మళ్ళీ కుట్టాలి. మార్చి దాకా పడుతుంది. రిటైరైన బైండర్ని వెతికి పిలిచారంటే ఈ పని తెలిసినవాళ్ళు ఇంకెవరూ మిగలలేదన్నమాట. టీ కొట్టాయన నా మాట విని “ఏ ఊరండీ తమరిది? అరవం వారా?” అన్నాడు. “తెలుగోణ్ణే సామీ, పుదుచ్చేరి” అంటే నమ్మలేదు, నవ్వాడు.

ఇప్పుడు అసలు సంగతి. నా బల్ల కింది సొరుగులో, రెండు అట్టల మధ్య మన తీరం పటం, అదే ఆ పాత మ్యాపు, ఉంది. లాస్‌పేట కాలేజీ లైబ్రరీలో జనవరిలో పాత పటాల ప్రదర్శన పెడుతున్నారు. అది చూసుకునే లోగనాయకి మేడం ఆ పటం అడిగారు. డిసెంబరు పదిహేనులోగా ఫొటో చేరాలట, దాన్ని చూసి జాబితాలో పేరు ఎక్కిస్తారు. మేడమీది దీపాకి చెప్పి ఫోన్‌లో తీయించి ఈ కాగితం వెనక ఉన్న నంబరుకు పంపించు. పటం తీసేముందు చేతులు కడుక్కుని బాగా తుడుచుకో. రెండు చేతులతో పట్టుకో. సొరుగులో నాఫ్తలీన్ ఉండలు వేయొద్దు.

అక్కా, నేను ఎన్ని వేల పుస్తకాలు కుట్టానో నాకే తెలియదు. ఏ పుస్తకం మీదా బైండరు పేరు ఉండదు. ఈ ఒక్కసారి గాజు పెట్టె పక్కన నా పేరు ఉంటుంది. అరవై ఆరేళ్ళకు ఇదేం ఆశరా అని నువ్వు నవ్వుతావని తెలుసు. నవ్వుకో. ఫొటో మాత్రం పంపు.

నీ తమ్ముడు,
పట్టాభి

ముత్యాలపేట, పుదుచ్చేరి,
4 అక్టోబరు 2024

చిరంజీవి పట్టాభికి,

అక్క ఆశీర్వాదం. ఉత్తరం అందింది. ఇంటి గురించి నాలుగు మాటలు, నీ కాగితాల గురించి నలభై. ఇక్కడ నేను ఒక్కదాన్నే ఉన్నాను, భోంచేస్తున్నావా అని అడగడానికి చోటు చాల్లేదు పాపం.

భోంచేస్తున్నానులే. మోకాళ్ళ నొప్పి ఎప్పట్లాగే. ఎదురింటి మంగళం కోడలికి ఆడపిల్ల పుట్టింది. నీ గదిలో చీపురు పెట్టాలంటే ఇప్పటికీ భయమే, ఏ చిత్తుకాగితం ఏ రాజుదో అని. ముప్పై ఏళ్ళుగా ఆ కుప్పను మోస్తున్న ఇల్లు ఇది. మనుషులు తిరిగే చోటు తక్కువ, పుస్తకాలు పడుకునే చోటు ఎక్కువ.

పాతకాగితాల కొట్టు వెట్రివేల్ రెండుసార్లు వచ్చి నీ సంగతి అడిగి వెళ్ళాడు. “అణ్ణ లేకుంటే వీధే మూగబోయిండాది అక్కా” అన్నాడు. వాడికి నువ్వంటే ఎంత ప్రాణమో.

దీపాకి ఈ వారమంతా ఆసుపత్రిలో డ్యూటీ. పూజ వెళ్ళాక తీయిస్తాను. వచ్చే శుక్రవారమే ఆయుధపూజ. ఏటా నువ్వే చేసుకునేవాడివి. ఈసారి నీ కత్తులు, సూదులు, మడతలు నొక్కే ఎముక పలక, కుట్టు బల్ల అన్నీ కడిగి నేనే దేవుడి ముందు పెడతాను. నీ పేరు పెట్టే సంగతి విని నవ్వలేదు. నిజం.

అక్క,
వసంతకుమారి

యానాం,
21 అక్టోబరు 2024

అక్కకు,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. భోంచేస్తున్నావా అని అడగలేదని తిట్టావు కాబట్టి మొదట అదే అడుగుతున్నాను. రోజూ సాంబారు పెద్ద గిన్నెలో చేసి మూడు పూటలా అదే తినడం లేదు కదా?

మేడం నుంచి కార్డు వచ్చింది. ఫొటో ఇంకా అందలేదట. పూజ అయ్యి పది రోజులైంది.

ఆ పటం ఎలా దొరికిందో నీకు ఎన్నడూ సరిగా చెప్పలేదు. నేను మొదలుపెట్టగానే నువ్వు లేచి వంటింట్లోకి వెళ్ళేదానివి. ఇప్పుడు లేచి వెళ్ళలేవు, విను. ముప్పై మూడేళ్ళ క్రితం వెట్రివేల్ కొట్టులో ఒక ఫ్రెంచి లా పుస్తకం కొన్నాను. దానికెవరో దళసరి కాగితంతో అట్ట వేశారు. ఇంటికొచ్చి అట్ట విప్పితే లోపలివైపు సముద్రం, ఓడలు, కోటలు. రెండు వందల యాభై ఏళ్ళ నాటి రాగి పలక మీద చెక్కి వేసిన అచ్చు. మర్నాడే తీసుకెళ్ళి వెట్రివేల్‌కి చూపించాను. అది ఎంత అరుదైనదో నేనే చెప్పాను. తిరిగి ఇచ్చెయ్ అని అడగొచ్చు వాడు. అడగలేదు. ఏడాదికోసారి ఇంటికొచ్చి “అణ్ణా, ఒక్క తూరి చూపించు” అంటాడు, అంతే. చూస్తున్నంతసేపూ వాడి కళ్ళల్లో ఆశ మాత్రం కనబడుతూనే ఉంటుంది.

మడతల దగ్గర చీలితే పది నెలలు ఆదివారాలు కూర్చుని అతికించాను. నా చేతిపని అంతా ఆ పటం వెనకవైపు ఉంది. ముందునుంచి చూస్తే ఎవరికీ తెలియదు, అదే గొప్ప.

ఫొటో, అక్కా. మరిచిపోకు.

పట్టాభి

ముత్యాలపేట,
4 నవంబరు 2024

చిరంజీవి పట్టాభికి,

దీపావళి బాగా జరిగింది. అంటే, వాన పడి టపాసులన్నీ చల్లారిపోయాయి, అదే నాకు బాగుంది. అతిరసాలు చేశాను. నీ కోసం పార్సిల్ కడదామంటే దారిలో నూనె కారుతుందని మానేశాను.

ఫొటో విషయం. దీపా ఫోను నీళ్ళలో పడింది. రిపేరుకిచ్చింది. పైగా ఈ ముసురులో పటం బయటికి తీస్తే చెమ్మ పట్టదూ? నువ్వే కదా చెమ్మ అంటే పాము అన్నట్టు భయపడతావు. ఎండ రానీ. పూజనాడు వెట్రివేల్ పొరి మరమరాల పొట్లం తీసుకుని వచ్చాడు, వాడూ చూసి “ఇప్పుడేం తొందర అక్కా, కొంచెం నాళ్ళు పోనీ” అన్నాడు.

మునిసిపాలిటీవాళ్ళు వీధి తవ్వి అలాగే వదిలేశారు. మంగళం మనవరాలికి పేరు పెట్టారు, నోరు తిరగడం లేదు, మళ్ళీ అడిగి రాస్తాను. నీ గదికి తాళం వేసి ఉంచాను. ఇంకేం విశేషాలు లేవు.

అక్క

యానాం,
19 నవంబరు 2024

అక్కకు,

నీ ఉత్తరం చదివి మూడు రోజులైంది. ఊరుకోవడం నావల్ల కావడం లేదు.

వెట్రివేల్ చూశాడని రాశావు. నేను లేనప్పుడు ఆ పటం వాడి ముందు ఎందుకు తీశావు? చూసి, తొందర లేదని వాడెందుకు అనాలి? ఫొటో వద్దనడానికి వాడెవరు? నా గదికి ఏనాడూ వేయని తాళం ఇప్పుడెందుకు వేశావు? నువ్వు నాతో అబద్ధం ఆడినప్పుడల్లా పక్కింటి సంగతులు ఎక్కువ రాస్తావు. చిన్నప్పటినుంచీ అంతే.

ఒక్క మాట రాయి. పటం ఇంట్లో ఉందా, లేదా?

వెట్రివేల్‌కి కూడా ఉత్తరం రాశాను. నలభై ఏళ్ళ స్నేహమని చూడకుండా రాశాను. నా అక్క అమాయకురాలు, ఆమె దగ్గర మాయమాటలు చెప్పి పటం తీసుకెళ్ళి ఉంటే మర్యాదగా తిరిగి పెట్టెయ్ అని రాశాను. ఇంకా కొన్ని మాటలు కూడా రాశాను.

డిసెంబరు పదిహేను దగ్గరికొస్తోంది. ఆ తేదీ దాటితే నా పేరు ఉండదు.

పట్టాభి

ముత్యాలపేట,
7 డిసెంబరు 2024

పట్టాభీ,

పటం ఇంట్లోనే ఉంది. వెట్రివేల్ దాన్ని వేలితో కూడా తాకలేదు. పాపమంతా నాది. కూర్చుని చదువు.

ఆయుధపూజనాడు నీ సామానంతా కడిగి దేవుడి ముందు వరసగా పెట్టాను. కత్తికి బొట్టు, సూదికి బొట్టు, కుట్టు బల్లకు బొట్టు. అన్నీ అయ్యాక అనిపించింది. వీడు ప్రాణంగా చూసుకునేది వీటిని కాదు కదా, ఆ పటాన్ని కదా. ముప్పై ఏళ్ళు కుప్ప కుప్ప అని తిట్టాను. ఏటా నువ్వు కత్తులకు పూజ చేసి పటాన్ని సొరుగులోనే ఉంచేశావు, నేను వెక్కిరిస్తాననే బయటికి తీయలేదేమో అనుకున్నాను. ఈ ఒక్క ఏడాది దానికి మర్యాద చేద్దామని తీశాను. చేతులు కడుక్కున్నాను రా, తుడుచుకున్నాను కూడా. రెండు చేతులతోనే పట్టుకున్నాను.

నాలుగు మూలలా గంధం పెట్టి కుంకుమ అద్దాను. ఒడ్డున జెండా ఎగరేసిన పెద్ద కోట కనబడింది. అదే మన ఊరు అనుకుని దాని మీద పెద్ద బొట్టు పెట్టాను. దణ్ణం పెట్టుకున్నాను. నువ్వు అంత దూరంలో క్షేమంగా ఉండాలని, నీ పేరు అందరూ చదవాలని.

అప్పుడే వెట్రివేల్ వచ్చాడు. చూసి గోడకానుకుని అట్లాగే కూలబడ్డాడు. “అక్కా, ఏంది చేసినావు? ఇన్నూరేండ్ల కాగితం అది!” అన్నాడు. వాడు “వద్దు, వద్దు” అంటున్నా వినకుండా తడిగుడ్డ తెచ్చి తుడిచాను. మూలల్లో గంధం రాలిపోయింది, పసుపు చాయ మిగిలింది. కోట మీది కుంకుమ మాత్రం పాకి రూపాయి బిళ్ళంత ఎర్రగా దిగిపోయింది. ఇక ముట్టుకోలేదు. నేనే తమ్ముడికి చెప్తాను, నువ్వు చెప్పొద్దని వెట్రివేల్ చేత ఒట్టు వేయించుకున్నాను. చెప్పడానికి రోజూ కూర్చున్నాను. దీపా ఫోను నీళ్ళలో పడలేదు.

తర్వాత తుఫాను వచ్చింది. పేపర్లో చూసే ఉంటావు. మన వీధిలో మోకాలి లోతు నీళ్ళు, ఇంట్లోకి మాత్రం రాలేదు. వాన కురుస్తుంటే ఒక పాపపు ఆలోచన వచ్చింది. నీళ్ళొచ్చి పటం తడిసిందని రాసేస్తే పోతుంది కదా అని. కాగితం కూడా తీశాను.

నీళ్ళు తగ్గాక వెట్రివేల్ కొట్టుకు వెళ్ళాను. నడుం లోతు నిండిందట. అడుగు వరసల్లోని పుస్తకాలన్నీ ఉబ్బిపోయాయి. వాడు గుమ్మంలో తాళ్ళు కట్టి ఒక్కొక్కటీ ఆరేస్తున్నాడు. నీ ఉత్తరం అందిందా అన్నాను. “అందింది అక్కా” అన్నాడు. నిజం చెప్పేయకపోయావా అంటే “నీ కాడ ఒట్టేసినా గదా. అణ్ణ కోపం నాలుగు నాళ్ళు, నీ భయం పెద్దది. విడు” అన్నాడు. ఆ మాటతో నాకు ఏడుపు ఆగలేదు. అంత తడిలో, అంత నష్టంలో, నీ మాటలు కూడా మోశాడు వాడు, నా కోసం.

నన్ను ఏమన్నా అను. వాడికి మాత్రం వెంటనే రాయి.

అక్క

ముత్యాలపేట,
22 డిసెంబరు 2024

పట్టాభికి,

పదిహేను రోజులైంది. నీ దగ్గరనుంచి అక్షరం లేదు. రోజూ పోస్టుమాన్ సైకిల్ చప్పుడుకు లేచి గుమ్మంలోకి వస్తున్నాను. వాడు తల అడ్డంగా ఆడిస్తాడు.

ఇంట్లో కూర్చుంటే పిచ్చెక్కేలా ఉండి శుక్రవారం లాస్‌పేట వెళ్ళాను. ఒక్కదాన్నే. పటాన్ని నీ అట్టల మధ్యే పెట్టి, నా పెళ్ళి పట్టుచీర చుట్టి, బస్సులో ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. కాలేజీ గేటు దగ్గర వాచ్‌మన్ “ఏమ్మా, చీర అమ్మేదానికి వచ్చినారా?” అన్నాడు.

లోగనాయకి మేడం చిన్నపిల్లే, నలభై ఉంటాయేమో. ఉన్నదంతా చెప్పాను. గడువు దాటింది నావల్ల, తమ్ముడి తప్పు ఇసుమంతైనా లేదు, పేరు తీసేయొద్దని చేతులు పట్టుకున్నాను. ఆమె భూతద్దం పెట్టి చాలాసేపు చూసింది. తర్వాత నవ్వేసింది. నేను బొట్టు పెట్టింది పుదుచ్చేరికి కాదట రా! అది కడలూరు కోటట. ఇంగ్లీషువాళ్ళదట. మన ఊరు దానికి జానెడు పైన, చిన్న అక్షరాల్లో ఉంది. నాకు సిగ్గుతో తల ఎత్తబుద్ధి కాలేదు.

పటాన్ని తిప్పి వెనకవైపు చూసినప్పుడు మాత్రం నవ్వు ఆపేసింది. “ఈ అతుకు ఎవరు వేశారు?” అంది. మా తమ్ముడే అన్నాను. వేలు అంచులకు తగలకుండా గాల్లోనే ఆడించి చూసింది. జాబితా అచ్చుకు వెళ్ళిపోయిందట. నీ పేరు అందులో లేదు. కానీ మెట్ల పక్కన ఒక గాజు పెట్టె ఖాళీగా ఉందట, అక్కడ పెట్టొచ్చట. యజమాని ఒప్పుకుంటేనే. నీకు తానే రాస్తానంది. పటం తన బీరువాలో పెట్టుకుని నాకు రసీదు ఇచ్చింది.

ఒప్పుకోవడం, ఒప్పుకోకపోవడం నీ ఇష్టం. నేను చేయగలిగింది ఇంతే.

అక్క

యానాం,
28 డిసెంబరు 2024

అక్కా,

నిజం రాసిన నీ ఉత్తరం అందిన రోజు నాలుగు పేజీలు రాసి చించేశాను. మర్నాడు రెండు పేజీలు రాసి చించాను. కోపం అలాగే ఉంది, రాస్తే అది నీ చేతికి అందుతుంది. అందుకే రాయలేదు. మౌనంగా ఉంటే నీకు ఇంకా కష్టమని తట్టలేదు. నాకు బుద్ధి తక్కువ.

బొట్టు పెట్టావని కాదు కోపం. మొదట దానికే అనుకున్నాను. తర్వాత తేలింది. రెండు నెలలు నాకు భయపడ్డావు. తొమ్మిదేళ్ళ వయసులో నన్ను చంకనేసుకుని సముద్రం చూపించిన దానివి, నాకు చెప్పడానికి భయపడ్డావు. నేను అంత భయపెట్టేవాణ్ణి ఎప్పుడయ్యాను? ఒక కాగితం విషయంలో నీకు ఇంత భయం కలిగేలా బతికానా?

ఇక్కడి రిజిస్టర్లలో ఒకదాంట్లో పేజీ మీద తాంబూలం మరక ఉంది. నూట నలభై ఏళ్ళ క్రితం ఏ గుమాస్తా నోట్లోంచి జారిందో. ఆఫీసరు దాన్ని తీసేయమంటే, మరక తీయడం నా పని కాదండీ, కాగితం నిలబెట్టడం నా పని అని వాదించాను. అదే వారం నీ ఉత్తరం వచ్చింది. నా అక్క బొట్టు దగ్గరకొచ్చేసరికి ఆ మాట మరిచిపోయాను చూడు.

ఆ ఎరుపు తీయడానికి మందులున్నాయి. తీయగలను కూడా. తీయను. కింది గీతలు పల్చబడతాయన్నది ఒక కారణం. ముప్పై ఏళ్ళలో నా పటానికి నువ్వు చేసిన మొదటి మర్యాద అది, ఇది రెండో కారణం. కాకపోతే అంత మర్యాద ఇంగ్లీషువాళ్ళకు చేశావే అని రెండు రోజులు ఒక్కణ్ణే నవ్వుకున్నాను.

వెట్రివేల్‌కి రాశాను. క్షమించమని రాయడానికి ఒక్క వాక్యం చాలలేదు. మార్చిలో వచ్చాక వాడి తడిసిన పుస్తకాలన్నీ నేనే కుట్టి ఇస్తాను. ఎన్నాళ్ళు పట్టినా సరే. వాడు వద్దంటాడు. వినొద్దు.

మేడంకి ఒప్పుకుంటున్నానని రాశాను. పక్కన పెట్టే అట్ట మీద ఏం ఉండాలని అడిగారు. తమిళం, ఇంగ్లీషు, ఫ్రెంచి ఆమె రాయించుకుంటారు. కింద ఒక్క వరుస తెలుగులో నేనే రాసి పంపాను, దాన్ని అలాగే అతికించమన్నాను. నేను రాలేను. కుట్లు విప్పిన రిజిస్టర్లు బల్ల నిండా పరిచి ఉన్నాయి, గాలికి వదిలి రాకూడదు. నా బదులు నువ్వు వెళ్ళు.

నీ తమ్ముడు,
పట్టాభి

ముత్యాలపేట,
19 జనవరి 2025

నా పట్టాభికి,

నిన్న ప్రదర్శన మొదలైంది. వెట్రివేల్ తెల్ల చొక్కా ఇస్త్రీ చేసుకుని వచ్చి, నన్ను స్కూటర్ వెనక ఎక్కించుకుని తీసుకెళ్ళాడు. నీ ఉత్తరం వాడి చొక్కా జేబులోనే ఉంది, మడతల దగ్గర అప్పుడే నలిగిపోయింది. ఏం రాశాడు అంటే “అది మా ఇద్దరిదీ, నువ్వు అడగొద్దు అక్కా” అన్నాడు. తడిసిన పుస్తకాల సంగతెత్తితే వద్దన్నాడు. నేను వినలేదు.

హాల్లో పెద్ద పెద్ద పటాలు. వాటి ముందు జనం. నీది మెట్ల పక్కన, చెప్పినట్టే. కానీ పైకెళ్ళేవాళ్ళు, కిందికొచ్చేవాళ్ళు అందరూ దాని ముందునుంచే పోవాలి. కాలేజీ పిల్లలు వంగి చూసి ఆ ఎరుపేమిటని ఒకరినొకరు అడుగుతుంటే నేను వెట్రివేల్ వెనక్కి జరిగాను. ఒక అమ్మాయి తమిళంలో ఉన్నది పైకి చదివింది. “పట్టాభి ఎం., బైండర్, ముత్యాలపేట. చీలికలను ఆయనే బాగుచేశారు.” వెట్రివేల్ ఆ అమ్మాయిని మళ్ళీ చదవమన్నాడు. మూడోసారి కూడా చదివించేవాడే, నేనే ఊరుకోమన్నాను.

అందరూ ఆ మూడు భాషలూ చదివి వెళ్ళిపోతున్నారు. అట్ట అడుగున నీ చేతిరాత మీద ఎవరి చూపూ ఆగలేదు. చదవడం వచ్చినవాళ్ళు అక్కడ ఒక్కరూ లేరు. జనం తగ్గేదాకా ఆగి, దగ్గరికి వెళ్ళి చదివాను.

“పటాన్ని బాగుచేసింది తమ్ముడు. దానికి బొట్టు పెట్టి, తమ్ముడి కోసం దణ్ణం పెట్టుకుంది అక్క వసంతకుమారి.”

మళ్ళీ మొదటినుంచి చదివాను. మేడం పక్కకొచ్చి, ఈ వరుస మాలో ఎవరికీ చదవడం రాలేదమ్మా, ఏం రాశారు అని అడిగింది.

కళ్ళద్దాలు ఇంట్లో మరిచిపోయాను, కనబడటం లేదు అని చెప్పాను. అవి నా ముక్కు మీదే ఉన్నాయి. మేడం నా మొహం చూసి, ఇంకేమీ అడగకుండా కుర్చీ తెచ్చి ఆ పెట్టె ముందు వేసింది.

నీ అక్క,
వసంత